నాలుగూ నలభై రెండు

ఆ మెయిల్ సాయంత్రం నాలుగూ నలభై రెండుకి వెళ్ళిందని రిపోర్టులో రాసింది నేనే. కింద సంతకం పెట్టిందీ నేనే. ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు.

హాజ్ లర్బీ నన్ను పిలిపించింది రంజాన్ రెండో వారంలో, ఒక సోమవారం పొద్దున. కాసాబ్లాంకా రేవు వెనక వీధిలో ఆయనకి నాలుగంతస్తుల ఆఫీసు ఉంది. ఓడల్లో వచ్చే సరుకుకి కస్టమ్స్ కాగితాలు రాయించి, కంటెయినర్లు విడిపించి లారీలకెక్కించడం ఆయన వ్యాపారం. ఆ భవనం గోడల్లో ఉన్న నెట్‌వర్క్ తీగలన్నీ నేను లాగినవే. పన్నెండేళ్ళుగా వాటి బాగోగులు చూసేదీ నేనే.

ఆయన తలుపు వేయించి, గొంతు తగ్గించి సంగతి చెప్పాడు. ఆరు నెలల్లో మూడు పెద్ద టెండర్లు చేజారాయి. మూడూ ఒకే పోటీ కంపెనీకి వెళ్ళాయి. మూడుసార్లూ వాళ్ళు వేసిన రేటు ఈయన రేటుకంటే వెంట్రుకవాసి తక్కువ. లోపలి మనిషి ఎవరో కాగితం బయటికి చేరవేస్తున్నారు. ఈ వారంలో ఇంకో టెండరు ఉంది, స్పెయిన్ బట్టల కంపెనీది. ఈసారి దొంగ దొరకాలి.

"ఎవరికీ తెలియకూడదు రెద్వాన్. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడకి చెబితే ఇఫ్తార్ లోపల మా చెల్లెలికి తెలుస్తుంది, రాత్రి తరావీ నమాజు లోపల కాసాబ్లాంకాకంతా తెలుస్తుంది," అన్నాడు.

పని నాకు కొత్తది కాదు. మూడో అంతస్తులో చిన్న గది ఉంది. భవనంలోంచి బయటికి పోయేదేదైనా, లోపల ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పోయేదైనా ఆ గదిలో ఉన్న ఒక నెట్‌వర్క్ స్విచ్ గుండానే పోవాలి. దాని గుండా పోయే ప్రతి ప్యాకెట్‌కీ, అంటే ప్రతి సమాచారపు ముక్కకీ, ఒక నకలు నా పాత లాప్‌టాప్‌కి వచ్చేలా అమర్చాను. ఇక తీగలో ఏం కదిలినా ఎక్కడినుంచి ఎక్కడికి, ఎప్పుడు, ఎంత అన్నది లాప్‌టాప్ రాసి పెట్టుకుంటుంది. ఈ రోజుల్లో చాలావాటికి తాళం వేసి ఉంటుంది కాబట్టి లోపలి విషయం కనబడదు. తాళం లేనివి మాత్రం తెరిచిన ఉత్తరాల్లా కనిపిస్తాయి.

ఈ పనిలో నేను తప్పకుండా పాటించే పద్ధతి ఒకటుంది. వినే మిషన్ మాట్లాడకూడదు. అదీ ఇంటర్నెట్‌తో మాట్లాడటం మొదలుపెడితే దాని గోల కూడా రికార్డులో కలుస్తుంది. అందుకని ఆ లాప్‌టాప్‌కి ఇంటర్నెట్ ఇవ్వను. ఏళ్ళ తరబడి దానికి చెవులు తప్ప నోరు లేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

మెట్లు దిగుతుంటే సీ బుషైబ్ ఎదురుపడ్డాడు.

"ఏం రెద్వాన్, మళ్ళీ గోడలు తవ్వడానికొచ్చావా? ఇప్పటికే ఈ బిల్డింగు ఇటుకల మీద కాదు, నీ తీగల మీద నిలబడి ఉంది."

స్విచ్‌లో దుమ్ము దులపడానికి వచ్చానని చెప్పాను. నమ్మాడు. నేనేం చెప్పినా ఆయన నమ్మేవాడు. పన్నెండేళ్ళ కిందట ఈ పనికి ముగ్గురం పోటీ పడితే, ఇతను కొలిచి మాట్లాడుతున్నాడు, పని ఇతనికివ్వండి అని హాజ్‌తో చెప్పింది ఆయనే.

సీ బుషైబ్‌కి యాభై అయిదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ కస్టమ్స్ కాగితాలు రాస్తున్నాడు. ఏ సరుకు ఏ పద్దు కిందికి వస్తుందో పుస్తకం చూడకుండా చెబుతాడు. ఇన్నేళ్ళూ రాసిన ప్రతి కాగితం మీదా చివర్లో హాజ్ లర్బీ లైసెన్సు నంబరే పడింది. ఇప్పుడు మొదటిసారి తన పేరు మీద లైసెన్సుకి దరఖాస్తు పెట్టాడు. పండగ వెళ్ళిన రెండో వారంలో లైసెన్సులిచ్చే కమిటీ ముందుకి వెళ్ళాలి. కమిటీ నాలుగేళ్ళకోసారి కూర్చుంటుంది. దరఖాస్తుదారు మీద ఒక్క ఫిర్యాదు కనిపించినా పేరు కొట్టేస్తుంది.

అందుకే ఆయన ఆ నెలంతా ఆఫీసు మూసేశాక కూడా ఒక గంట ఉండి, సుంకాల పుస్తకం ముందేసుకుని చదువుకునేవాడు. ఇంట్లో చదవచ్చు కదా అంటే నవ్వాడు.

"ఇంట్లో ముగ్గురు మనవలున్నారు. అక్కడ కూర్చుంటే ఏ సరుక్కి ఎంత సుంకమో కాదు, ఎవడు ఎవణ్ణి కొరికాడో బట్టీ వస్తుంది."

గురువారం పొద్దున వెళ్ళి రికార్డు తీశాను.

రెండో అంతస్తు కాపీ గదిలో పాత మిషన్ ఒకటుంది. జిరాక్స్ తీస్తుంది, ప్రింటు వేస్తుంది, కాగితం స్కాన్ చేసి మెయిల్లో పంపుతుంది. పాతది కాబట్టి అది పంపే మెయిల్‌కి తాళం ఉండదు. పాస్‌వర్డ్ అడగదు, పేరు అడగదు. ఎవరైనా ఎదురుగా నిలబడి అడ్రసు కొట్టి మీట నొక్కితే చాలు. నాకు ముందుగా అనుమానం వచ్చింది దాని మీదే. దాన్నుంచి బయటికి పోయినవి మాత్రమే కనబడేలా ఫిల్టర్ పెట్టాను. మూడు రోజుల్లో నూట పద్దెనిమిది మెయిళ్ళు. అందులో నూట పదిహేడు ఆఫీసు వాళ్ళు తమకి తాము పంపుకున్నవి. వాటిని పక్కన పెట్టేశాను. మిగిలిన ఒక్కటి పోటీ కంపెనీ అడ్రసుకి వెళ్ళింది. ప్యాకెట్లన్నీ వరసగా కూర్చి తెరిస్తే పదకొండు పేజీలు వచ్చాయి. స్పెయిన్ టెండరు. హాజ్ లర్బీ ఆఖర్న టైపు చేయించిన దిద్దుబాట్లు కూడా స్పష్టంగా ఉన్నాయి.

ఎవరు పంపారో మిషన్‌కి తెలియదు. దాని గడియారం ఎప్పుడో కరెంటు పోయినప్పుడు జనవరి ఒకటి దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచే నడుస్తోంది. కానీ నా లాప్‌టాప్ ప్రతి ప్యాకెట్ పక్కనా టైము వేస్తుంది. బుధవారం, నాలుగూ నలభై రెండు.

తర్వాత గేటు దగ్గర వేలిముద్రల మిషన్ చూశాను. రంజాన్ నెలలో ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. నాలుగుంబావుకల్లా ముప్ఫై ఒక్కమంది వెళ్ళిపోయారు. లోపల మిగిలింది ఒక్కడే. అయిదూ పదికి వేలు పెట్టి బయటికి వెళ్ళాడు. సీ బుషైబ్.

పది నిమిషాలు ఆ పేరు కేసి చూస్తూ కూర్చున్నాను. వేలిముద్రల మిషన్ గడియారం తప్పేమోనని చూశాను. సెకనుతో సహా సరిగ్గా ఉంది. ఉండదా మరి? రంజాన్ ముందు ఆదివారం దేశమంతా గడియారాలు గంట వెనక్కి తిప్పుకున్నప్పుడు, దాన్ని తిప్పింది నేనే. ఏటా నా ఖాతాదార్లందరి దగ్గరికీ తిరిగి చేసే పని అది.

రిపోర్టు రాశాను. ఒకటిన్నర పేజీ.

ఆ మధ్యాహ్నం హాజ్ గదిలో నలుగురం ఉన్నాం. హాజ్, నేను, సీ బుషైబ్, టెండర్ల విభాగం చూసే జవాద్. జవాద్ హాజ్ చెల్లెలి కొడుకు. ముప్ఫై నాలుగేళ్ళవాడు, మర్యాదస్థుడు. నా రిపోర్టు రెండుసార్లు చదివి, టైము విషయంలో పొరపాటుకి అవకాశం ఉందా అని అడిగింది అతనే. లేదన్నాను. తల ఊపి కాగితం మేనమామకిచ్చాడు.

సీ బుషైబ్ వాదించలేదు, కోప్పడలేదు. నిన్న సాయంత్రం తను కాపీ గదికి వెళ్ళిన మాట నిజమేనన్నాడు. సుంకాల పుస్తకంలో నాలుగు పేజీలు స్కాన్ చేసి తన మెయిల్‌కి పంపుకున్నాడట. ట్రేలో ఎవరివో కాగితాలుంటే పక్కన పెట్టాడట. అక్కడిదాకా చెప్పి ఆగాడు. హాజ్ వైపు చూడలేదు, నా వైపు తిరిగాడు.

"పక్కన పెట్టాననే అనుకుంటున్నాను. లేకపోతే వాటినే మిషన్‌లో వేసి, అందులో ముందునుంచి ఉన్న అడ్రసేదో నొక్కేశానా? అలా జరగొచ్చంటావా రెద్వాన్?"

"మీట సంగతి నాకు తెలీదు సీ బుషైబ్. టైము మాత్రం ఖాయం," అన్నాను.

ఆయన తన మెయిల్‌కి పంపుకున్న నాలుగు పేజీలు కూడా నా రికార్డులో ఉంటాయి. అవి ఎన్నింటికి వెళ్ళాయో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. లాప్‌టాప్ నా కాళ్ళ దగ్గర బ్యాగులోనే ఉంది. తీసి, ఫిల్టర్ మార్చి చూడటానికి ఒక నిమిషం పట్టేది.

సొంత దుకాణం పెట్టుకుంటూ మా గిరాకీని ముందే తోలుకుపోతున్నావా అని హాజ్ అడిగాడు. ఆ మాటకి సీ బుషైబ్ మొహం ఎర్రబడింది. విచారణ తేలేదాకా ఆఫీసుకి రావద్దన్నారు. వెళ్ళేటప్పుడు అలవాటు ప్రకారం గేటు దగ్గర వేలు పెట్టి మరీ వెళ్ళాడు.

ఆయన వెళ్ళాక హాజ్ నన్ను కూర్చోబెట్టి మెచ్చుకున్నాడు. టాంజియర్, అగాదిర్‌లతో కలిపి తన అయిదు బ్రాంచీల నెట్‌వర్క్ పనీ నాకే ఇస్తానన్నాడు. బుధవారం ఒప్పందం. అంత పెద్ద పని నా జీవితంలో ఎప్పుడూ రాలేదు. పోలీసు ఫిర్యాదు రాయడానికి లాయరమ్మ బస్మా గారికి రికార్డు మొత్తం కావాలట, ఫిల్టర్లు లేకుండా, వెళ్ళినవీ వచ్చినవీ అన్నీ ప్రింటు తీసి ఇమ్మన్నాడు.

సోమవారం పొద్దున మఆరీఫ్ పేటలో ఉన్న నా దుకాణంలో ఆ పనికి కూర్చున్నాను. ఫిల్టర్ తీసేశాను.

ఒక మెయిల్ మిషన్ ఇంకో మెయిల్ మిషన్‌ని పిలిస్తే, అవతలిది ముందు పలకరిస్తుంది. తన పేరు చెబుతుంది. కొన్ని తేదీ, టైము కూడా చెబుతాయి. వెళ్ళినవాటికి మాత్రమే ఫిల్టర్ పెట్టుకున్నాను కాబట్టి ఆ పలకరింపు నేనిదివరకు చూడలేదు. ఇప్పుడు చూశాను. పోటీ కంపెనీ మెయిల్ మిషన్ మా కాపీ మిషన్‌కి చెప్పిన మొదటి వాక్యంలో టైము ఉంది. బుధవారం, మూడూ నలభై రెండు.

వాళ్ళ గడియారమే తప్పనుకున్నాను ముందు. తర్వాత లాప్‌టాప్ మూల చూశాను. పన్నెండూ ఇరవై. ఫోను చూశాను. పదకొండూ ఇరవై.

రంజాన్ వచ్చిందని, గంట వెనక్కి తిరగాలని, ఇంటర్నెట్ లేని నా లాప్‌టాప్‌కి ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో గడియారాలన్నీ తిప్పి వచ్చినవాణ్ణి, నోరు లేకుండా నేను పెంచిన ఈ ఒక్కదాన్నీ మర్చిపోయాను.

మెయిల్ వెళ్ళింది మూడూ నలభై రెండుకి. అప్పటికి భవనంలో ముప్ఫై రెండు మందీ ఉన్నారు.

మిగతాదంతా పావుగంటలో తేలిపోయింది. సీ బుషైబ్ నాలుగు పేజీలు నా రికార్డు ప్రకారం అయిదూ ముప్ఫై ఒకటికి వెళ్ళాయి. ఆ టైముకి ఆయన ట్రామ్‌లో ఉన్నాడు. గంట తీసేస్తే సరిపోతుంది. గురువారం ఆ నిమిషం ఖర్చు పెట్టి ఉంటే అక్కడే ఆగిపోయేది. ఇంకొకటి కూడా కనిపించింది. టెండరు మెయిల్ వెళ్ళడానికి మూడు నిమిషాల ముందు, ఒక కంప్యూటరు నుంచి అదే మిషన్‌కి పదకొండు పేజీల ప్రింటు వచ్చింది. పంపినవాడి పేరు దాని మీదే ఉంది. జవాద్.

అవసరమైన పేజీలన్నీ ప్రింటు తీసి కవర్లో పెట్టాను. హాజ్ నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను.

ఎందుకు ఆపానో నాకు బాగా తెలుసు. టైము చూడటం రానివాడికి అయిదు బ్రాంచీలు ఎవరిస్తారు? బుధవారం సంతకమయ్యాక చెప్పచ్చు. కమిటీ పండగ తర్వాత కదా. రెండు రోజుల్లో ఏం మునిగిపోతుంది? ఫిర్యాదు రాయాలన్నా నా ప్రింటు కావాలి, అది నా దగ్గరే ఉంది. ఇలా ఒక్కొక్కటే లెక్క కట్టుకుని కవరు బ్యాగులో పెట్టాను. మంగళవారం దుకాణంలో కూర్చుని ఒప్పందం కాగితాలు చదువుకున్నాను.

బుధవారం పన్నెండింటికి సంతకాలయ్యాయి. హాజ్ నా భుజం తట్టాడు. అప్పుడు కవరు తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన మొదట ఏమీ అర్థం కానట్టు చూశాడు. గంట సంగతి విడమరిచి చెప్పాను. జవాద్ పేరున్న పేజీ దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీసి నా వైపు తిప్పాడు. సీ బుషైబ్ చేతిరాత. ఆ గుండ్రటి అక్షరాలు నేనెక్కడైనా గుర్తుపడతాను. నా అజాగ్రత్త వల్ల కంపెనీ కాగితాలు బయటికి వెళ్ళాయి, బాధ్యత నాదే, ఉద్యోగం వదులుకుంటున్నాను, లైసెన్సు దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను అని ఉంది. తేదీ మంగళవారం. హాజ్ ఆయన్ని పదింటికి పిలిపించి, ఇది రాసిస్తే పోలీసుల దాకా వెళ్ళనని చెప్పాడట. ఆయన బేరమాడలేదట. తన వల్లే జరిగి ఉంటుందని తనే అన్నాడట. దరఖాస్తు వెనక్కి తీసుకున్న ఉత్తరం అదే మధ్యాహ్నం కమిటీకి చేరిపోయింది.

దీన్ని చించెయ్యండి, కమిటీకి నిజం రాయండి అని బతిమాలాను.

"చించితే దొంగ ఎవరని అడుగుతారు," అన్నాడు హాజ్. "పండగనాడు నేను మా చెల్లెలి ఇంట్లో కూర్చుని తినాలి. జవాద్ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నీ బ్రాంచీలు చూసుకో. ఆయన సంతకం ఇదిగో, నీ సంతకం అదిగో. ఎవరూ ఎవర్నీ బలవంతం చెయ్యలేదు నాయనా."

ఆ సాయంత్రం హై మొహమ్మదీ పేటలో సీ బుషైబ్ ఇంటికి వెళ్ళాను. చెప్పేసి వెంటనే వచ్చేద్దామనుకున్నాను. కానీ ట్రామ్ ఆలస్యమై, తలుపు తట్టేసరికి ఉపవాసం విడిచే వేళకి అయిదు నిమిషాలే మిగిలింది. ఆ వేళకి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి శత్రువైనా సరే ఎవరూ వెనక్కి పంపరు. ఆయన భార్య లల్లా ఇజ్జా నా మొహం చూసి ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత పక్కకి జరిగి లోపలికి రమ్మంది.

మసీదులో బాంగు వినబడింది. ఖర్జూరాలు, పాలు, ఉడికించిన గుడ్లు, వేడి హరీరా సూపు. సీ బుషైబ్ నాకు గిన్నె జరిపి, తిను, మాటలెక్కడికీ పోవు అన్నాడు. ఒక్క వారంలోనే చొక్కా ఆయనకి వదులైపోయింది. మనవలు కూడా ఎందుకో నెమ్మదిగా ఉన్నారు.

చెంచా పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. గడియారం, గంట తేడా, ఆయన నాలుగు పేజీలు. జవాద్ పేరూ, హాజ్ నాకిస్తానన్న బ్రాంచీల సంగతీ కూడా చెప్పాను. మీరు ఏ మీటా తప్పు నొక్కలేదని చెప్పాను.

లల్లా ఇజ్జా తలకి కట్టుకున్న గుడ్డ అంచుతో నోరు మూసుకుంది. ఆరు రాత్రులుగా ఆయన నిద్రలేచి కూర్చుని, గాల్లో వేలితో మీటలు నొక్కి చూసుకుంటున్నాడట, ఏది నొక్కానో గుర్తు తెచ్చుకోవడానికి. నీ మెషినుకంటే తన బుర్రని తక్కువ నమ్మాడు బాబూ అంది నాతో.

సీ బుషైబ్ తన గిన్నె పక్కకి జరిపాడు. ఒక్కటే అడిగాడు.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

నిజం నోటిదాకా వచ్చింది. సోమవారం అంటే, మంగళవారం పదింటికి నువ్వెక్కడున్నావు అని అడుగుతాడు. గిన్నెలోకి చూస్తూ చెప్పాను.

"ఇవాళే."

ఆయన మొహం తేటపడింది. భార్య వైపు తిరిగాడు.

"చూశావా? ఇవాళ తెలిసింది, ఇవాళే వచ్చాడు. ఎంత పెద్ద కాంట్రాక్టు పోతుందో తెలిసీ వచ్చాడు. నేను చెప్పలా, ఇతను కొలిచి మాట్లాడే మనిషని?"

ఆవిడ ఇంకో గుడ్డు ఒలిచి, జీలకర్ర పొడి చల్లి నా పళ్ళెంలో పెట్టింది. తిన్నాను. దాని రుచి నాకిప్పటికీ గుర్తుంది.

అక్కడే కోర్టుకి వెళ్దామన్నాను. తప్పుడు సాక్ష్యం చూపించి రాయించిన కాగితం చెల్లదని కోర్టు చెబితే, కమిటీ దరఖాస్తు మళ్ళీ తీసుకోక తప్పదు. నేను సాక్ష్యం చెబుతానన్నాను. ఆయనకి కోర్టులంటే భయం, ఈ వయసులో తిరిగే ఓపిక కూడా లేదన్నాడు. కానీ నా మాట మీద ఒప్పుకున్నాడు. నీలాంటివాడు పక్కనుంటే సరే అన్నాడు.

దావా వేసిన వారానికే హాజ్ నా ఒప్పందం రద్దు చేశాడు. కమిటీ ఆ ఏడు సీ బుషైబ్ లేకుండానే కూర్చుని లేచింది. కోర్టు ఒప్పుకుంటే దరఖాస్తు విడిగానైనా చూస్తామని వాళ్ళు రాసిన ఉత్తరం ఒక్కటే ఆయన చేతిలో మిగిలింది. ఈలోగా రేవు గేటు దగ్గర ఎవరెవరి కోసమో కాగితాలు రాస్తూ ఇల్లు నడిపాడు.

పద్నాలుగు నెలల తర్వాత నన్ను బోను ఎక్కించారు.

మా తరఫు లాయరు అడిగినదంతా చక్కగా చెప్పాను. ప్యాకెట్ అంటే ఏమిటో, ఆ గంట ఎలా తప్పిందో జడ్జిగారికి బొమ్మ గీసి మరీ చూపించాను. ఆయన ఆసక్తిగా విన్నాడు. నా ప్రింటు కాగితాలు చేతిలో పట్టుకుని రెండు ప్రశ్నలు కూడా వేశాడు. వెనక బల్ల మీద సీ బుషైబ్, లల్లా ఇజ్జా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. గెలుస్తున్నామనే అనుకున్నాను.

అప్పుడు హాజ్ తరఫున బస్మా గారు లేచింది. నేను కోర్టులో ఇచ్చిన ప్రింటు కాగితాల్లో మొదటిదే తీసుకుని నా దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఈ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఏదో ఉంది. చదువుతారా?"

ప్రింటు తీసిన తేదీ, టైము. ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి పేజీ అడుగునా వేస్తుంది. పద్నాలుగు నెలలుగా ఆ కాగితాలు ఎన్నిసార్లు తిరగేశానో, ఆ వరస మీద నా కన్ను ఒక్కసారీ ఆగలేదు. చదివాను. సోమవారం. లాప్‌టాప్ గంట తప్పినా రోజు తప్పలేదు.

"అంటే సోమవారమే మీకు తెలుసు. దావా వేసినాయన సంతకం చేసింది మంగళవారం పదింటికి. అప్పుడు మీరేం చేస్తున్నారు?"

"దుకాణంలో ఉన్నాను."

"ఏం చేస్తూ?"

"ఒప్పందం కాగితాలు చదువుతున్నాను."

"బుధవారం ఆ ఒప్పందం మీద సంతకం చేశారు. అది రద్దయ్యాక మా కక్షిదారు మీద సాక్ష్యం చెప్పడానికి వచ్చారు. అంతేనా?"

అంతేనన్నాను. వెనక బల్ల వైపు చూడలేకపోయాను.

జడ్జి మూడు వారాల తర్వాత తీర్పు చెప్పాడు. సాక్షి తన లాభాన్ని బట్టి నిజాన్ని దాచాడు, బయటపెట్టాడు, అతని మాట మీద ఒక సంతకాన్ని కొట్టేయలేమన్నాడు. కాగితాల్లో ఉన్న నిజం కూడా నాతోపాటే కొట్టుకుపోయింది. దాన్ని తీసిందీ, భద్రపరిచిందీ, వివరించిందీ నేనే కదా. లైసెన్సు సంగతి అంతటితో ముగిసింది. కమిటీ మళ్ళీ కూర్చునేసరికి ఆయన దరఖాస్తుకి పెట్టిన వయోపరిమితి దాటిపోతాడు.

తీర్పు రోజున సీ బుషైబ్ ఒక్కడే వచ్చాడు. వరండాలో నా దగ్గరికి తనే నడిచి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"లైసెన్సు పోయినందుకు నాకంత బాధ లేదు," అన్నాడు. "ఇరవై రెండేళ్ళు ఇంకొకడి నంబరు మీద రాసినవాణ్ణి, ఇంకో పదేళ్ళు రాస్తాను. కానీ, జరిగిన అన్యాయం తెలిసిన పూటే ఒక మనిషి ట్రామ్ ఎక్కి మనింటికి వచ్చాడని ఏడాదిగా మా ఆవిడకి చెప్పుకుంటూ వచ్చాను. ఆ ఒక్క మాట మీద ఏడాది గడిపాం. ఆ రోజు కోర్టునుంచి వెళ్ళాక ఆవిడ నాతో ఏమీ అనలేదు. నేనూ అనలేదు. ఇప్పుడింటికెళ్ళి కూర్చుని ఏం మాట్లాడుకోవాలి మేము?"

గుమాస్తా ఎవరో తీర్పు నకలు కోసం ఆయన పేరు పిలిచాడు. సీ బుషైబ్ జేబులోంచి కలం తీసుకుంటూ అటు వెళ్ళాడు. తీసుకున్నట్టు రిజిస్టరులో సంతకం చెయ్యమన్నారు. ఎక్కడ పెట్టాలో గుమాస్తా వేలు పెట్టి చూపిస్తే, ఆయన చదవకుండానే పెట్టాడు.